పక్కకి తిప్పి పడుకోబెట్టండి

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టించెయ్యక ముందు సంవత్సరం ఏలూరులో ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగంలో చేరాను. బి.ఏ. అయింది, పెళ్ళింకా కుదరలేదు, గొంతు పెద్దది. గొంతు చూసే ఉద్యోగమిచ్చారని మా అమ్మ అనేది. నిజమే అయ్యుంటుంది. పెదపాడు వైపు ఊళ్ళు తిరిగి తాగుడు గురించి మీటింగులు పెట్టడం నా పని. మానాలనుకున్నవాళ్ళకి ఆసుపత్రి దారి చూపించాలి. మానలేనివాళ్ళు ప్రాణం మీదికి తెచ్చుకోకుండా చూడాలి.

మొదటి ఊళ్ళోనే దెబ్బ తగిలింది. పొద్దున్నే పంచాయితీ మైకులో చాటింపు వేయించారు: "ఊళ్ళో తాగుబోతులందరూ సాయంత్రం నాలుగింటికి పంచాయితీ ఆఫీసు దగ్గరకు రావలెను." సాయంత్రం నేనూ, కుర్చీలూ, నలుగురైదుగురు ఆడవాళ్ళూ మిగిలాం. మగవాడన్నవాడు ఆ వీధి మొహం చూడలేదు.

మర్నాడు సర్పంచి గారింటికి వెళ్ళాను. "ఈసారి చాటింపు నేను వేస్తానండీ" అన్నాను. ఆయన నవ్వి మైకు నా చేతికిచ్చారు. "వల లాగే అన్నయ్యలందరికీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ నమస్కారమండీ. రేపు సాయంత్రం టీ తాగుదురుగాని రండి" అన్నాను. వచ్చారు. కుర్చీల్లో కూర్చోలేదుగాని సైకిళ్ళకి ఆనుకుని దూరంగా నిలబడ్డారు.

అంతకు ముందు నెల ఆ ఊళ్ళో ఒకాయన చనిపోయాడు. తెల్లవారుజామున చెరువులో దిగి వల లాగినవాడు, చలికి ఆగలేక తాగాడు, గట్టు మీద వెల్లకిలా పడి నిద్రపోయాడు, వాంతి గొంతుకి అడ్డం పడింది. పక్కనే మనుషులున్నారు. తాగి పడిపోయాడులే అని వదిలేశారు. ఆయన భార్య ముందు వరసలో చాప మీద కూర్చుంది.

నేను మొదలుపెట్టాను. ఖాళీ కడుపుతో తాగొద్దన్నాను, తాగి ఒంటరిగా నీళ్ళలో దిగొద్దన్నాను. రోజూ బాగా తాగేవాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పించబోతే ఫిట్స్ రావచ్చు, ముందు డాక్టరు దగ్గరకి తీసుకురమ్మన్నాను. సర్పంచి గారికి అక్కడ అనుమానం వచ్చింది.

"అమ్మాయ్, నువ్వు మానమంటున్నావా, తాగమంటున్నావా?"

"మానమనే అంటున్నానండీ. మానేదాకా బతికుండాలి కదండీ."

సైకిళ్ళ దగ్గర ఎవరో నవ్వారు. ఇంకొకాయన మాత్రం నవ్వలేదు. "మీరు సాయిబుల అమ్మాయంటగా. మీ ఇళ్ళల్లో ఈ అలవాటుండదు. మా బాధ మీకేం తెలుస్తుందండీ?" అన్నాడు.

"మా అన్నయ్య తాగుతాడండీ" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. కానీ అన్నాక వెనక్కి తీసుకోవాలనీ అనిపించలేదు. ఆ మాటతో సైకిళ్ళకి స్టాండ్లు వేసి జనం వచ్చి కూర్చున్నారు.

ఏలూరులో మాకు పరుపుల దుకాణం ఉండేది. నాన్న పోయాక అన్నయ్యే దూది ఏకించి, పరుపులు కుట్టి ఇల్లు నడిపేవాడు. సాయంత్రానికి తాగేవాడు. అమ్మ మాత్రం వీధిలో అడిగినవాళ్ళకల్లా వాడికి కడుపులో పుండని చెప్పేది. చుట్టాల పెళ్ళిళ్ళకి వాణ్ణి రానిచ్చేది కాదు. వాడు తినే కంచం కూడా ఎందుకో విడిగా పెట్టేది.

నాలుగు రోజులకి ఆ ఊరి నుంచి ఒకాయన కూతురి పెళ్ళి పరుపులకని మా దుకాణానికే వచ్చాడు. మాటల్లో నా మీటింగు కథంతా చెప్పాడు. నేను ఇంటికొచ్చేసరికి అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. అన్నయ్య వాకిట్లో సూదికి దారం ఎక్కిస్తున్నాడు.

"చెప్పావంట" అన్నాడు తలెత్తకుండా.

"చెప్పాను."

"తాగుతాడని చెప్పావా, తాగుబోతని చెప్పావా?"

"తాగుతాడని."

దారం చివర ముడేశాడు. "సరే అయితే" అన్నాడు. ఆ తర్వాత ఆ ఊళ్ళో మళ్ళీ ఎప్పుడు మీటింగని అడిగాడు.

ఆ మీటింగుకి టీవీఎస్ బండి వెనక పలచటి పరుపొకటి కట్టుకుని వచ్చాడు. నేను పిలవలేదు. స్పృహ తప్పినవాణ్ణి ఎలా పడుకోబెట్టాలో ఆ రోజు చూపించాలి. దానికొక మనిషి పడుకోవాలి. అడిగితే ఎవరూ కదల్లేదు. అందరి ముందూ అలా పడుకుంటే నిజంగా పడిపోయినవాడి కిందే లెక్క కదా. అన్నయ్య పరుపు పరిచి, చెప్పులు విప్పి, వెల్లకిలా పడుకున్నాడు.

"నేను నటించట్లేదండోయ్, నిజంగా తాగేవాణ్ణే. మొన్న కూడా తాగాను. ఇవాళ తాగలేదు, మా చెల్లెలు చంపేస్తుందని" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. "పైకొచ్చే మోకాలు మడవాలి. చెయ్యి బుగ్గ కింద పెట్టాలి. మనిషిని పక్కకి తిప్పాలి, నోరు నేల వైపుండాలి. వాంతయినా బయటికి పోతుంది. పిలిస్తే పలక్కపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఒంటరిగా మాత్రం వదలకండి. ఎవరొచ్చి తిప్పుతారు?"

చాప మీంచి చనిపోయినాయన భార్య లేచింది. నేను పక్కకి జరిగి చోటిచ్చాను. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, అన్నయ్య మోకాలు మడిచి, భుజం పట్టుకుని మెల్లగా తనవైపు తిప్పుకుంది. చెయ్యి బుగ్గ కింద సర్దింది. తిప్పాక కూడా భుజం మీద చెయ్యి తియ్యలేదు.

"ఇంతేనాండీ?" అంది.

"ఇంతేనండీ."

"ఇంతేనా" అని మళ్ళీ తనలో తనే అనుకుంది. అన్నయ్య కళ్ళు తెరవకుండా అలాగే పడుకున్నాడు, ఆమె చెయ్యి తీసేదాకా. తర్వాత, ఆమె భర్త పోయిన రోజు గట్టు మీద పక్కనే ఉన్న మనిషొకడు వచ్చి ఆ పరుపు మీద పడుకున్నాడు. తిప్పడం నేర్చుకోవడానికి ఇంకొకాయన వచ్చాడు. చీకటి పడేలోగా ఊరు ఊరంతా ఒకళ్ళనొకళ్ళు తిప్పుకున్నారు. సర్పంచి గారిని ఇద్దరు కలిసి తిప్పాల్సి వచ్చింది. ఆయన భారీ మనిషి.

ఆ తర్వాత అన్నయ్య నాతో చాలా ఊళ్ళు తిరిగాడు. దుకాణం ఎప్పటిలా నడుస్తూనే ఉండేది. ముందు అన్నం తిని తర్వాత తాగడం అలవాటు చేసుకున్నాడు. తాగిన రోజు బండి తియ్యలేదు. అమ్మకి నా మీద కోపం చాన్నాళ్ళుంది. ఒకరోజు పక్కింటావిడ వచ్చి అల్లుడి తాగుడు గురించి నాతో గుసగుసగా చెబుతుంటే అమ్మ లోపల్నించి విని, "గట్టిగానే చెప్పమ్మా, మావాడికీ ఉంది ఆ అలవాటు. మా పిల్లనడుగు, ఏం చెయ్యాలో చెబుతుంది" అంది. ఆ వేళ మధ్యాహ్నం అన్నయ్యకి మా కంచాలతోపాటే వడ్డించింది.

తాడేపల్లిగూడెం రైసుమిల్లు హమాలీల మీటింగులో ఒకాయన వాణ్ణి సూటిగా అడిగేశాడు. "ఇంతకీ మీరు మానేశారాండీ?"

"తగ్గించానండీ. ఒకసారి ఆసుపత్రిలో చేరి మానేశాను, ఆర్నెల్లకి మళ్ళీ మొదలుపెట్టాను. వచ్చే వారం మళ్ళీ చేరుతున్నాను. మీలో ఎవరైనా వస్తానంటే కలిసి వెళ్దాం, నాకూ తోడుంటుంది" అన్నాడు.

ఇద్దరు వచ్చారు. ముగ్గురూ ఒకే వార్డులో ఉన్నారు. అన్నయ్య ఆసారి బయటికొచ్చాక మళ్ళీ ముట్టుకోలేదు. ఆ ఇద్దరిలో ఒకాయన మానేశాడు, ఇంకొకాయన మానలేదు. మానని ఆయనే ఏలూరు వచ్చినప్పుడల్లా మా దుకాణంలో కూర్చుని, భోజనం చేసి వెళ్ళేవాడు.