పాలక్యాను జెట్ ఇంజినూ, చెల్లెలి ముహూర్తం చీరా

తొమ్మిదో తరగతితో బడికి దండం పెట్టేసిన ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లేదు (తెలిసినదీ ఏమీ లేదని తర్వాత తెలిసింది). హిందూపురం షెడ్డులో మోపెడ్లు బాగుచేస్తూ ఫోన్లో ఒక వీడియో చూశాను. లోపల ఫ్యాను లేదు, గాలిని కుక్కే చక్రాలు లేవు, ఒట్టి గొట్టం. అదే జెట్ ఇంజినట! వేగంగా పోతుంటే ఎదురుగాలి దానంతటదే అందులో దూరి ఇరుక్కుని నొక్కుకుపోతుంది. అక్కడ చమురు చల్లి అంటిస్తే మంట వెనక్కి తన్ని బండి ముందుకు దూకుతుంది. ఇంతేనా అనుకుని పాలక్యాను అడుగు కోసి నా మోపెడ్ హ్యాండిలు పక్కన బిగించాను. (వీడియో చివర్లో ఇంకేదో చెబుతున్నారు గానీ, నేనప్పటికే పానా కోసం లేచిపోయాను.)

అదే వారం పెనుకొండలో చెల్లెలి పెళ్లి. కొంగుకు కుచ్చులు కట్టడం మిగిలిందని ముహూర్తం చీర ధర్మవరంలోనే ఉండిపోయింది. "అన్నా, ఆ చీర రాకుంటే నేను పీటల మీదికి రాను" అని చెల్లెలు తేల్చేసింది. పెళ్లి పొద్దున నేనూ, మా అక్క మొగుడూ ఆ మోపెడ్ మీదే వెళ్లి చీర తీసుకున్నాం. తిరుగుదారిలో చెన్నేకొత్తపల్లి దాటాక రోడ్డు వాలు చూసి ట్యాంకులోని పెట్రోలు గొట్టంలోకి వదిలి, బావ చేత అగ్గిపుల్ల గీయించి, బండి వదిలాను.

"ఏమిరా బామ్మర్దీ, మంట వెనక్కి పోతాదంటివే, ముందరికి వస్తాండాది!" అని బావ చీరను చంకలో దాచుకుని అరిచాడు.

వంగి చూశాను. సగం మీసం పోయింది. తుపాకీ గుండంత వేగం ముందే ఉంటే తప్ప లోపలికొచ్చే గాలికి మంటను వెనక్కి నెట్టే బలం రాదట (వీడియో చివర చెప్పింది ఇదే). మంట ఆరేసరికి పెట్రోలూ అయిపోయింది. ముహూర్తం ముంచుకొస్తోంది, బండి కదలదు. అదృష్టం కొద్దీ మా పెళ్లికే పోతున్న బ్యాండువాళ్ల ట్రాక్టరు వచ్చి, తాడు కట్టి లాక్కుపోయింది. దారంతా గాలి దూరి పాలక్యాను ఊళ పెడుతుంటే, పెళ్లివారు సన్నాయి వచ్చిందని హారతి పళ్లెంతో ఎదురొచ్చారు.

చీర లోపలికి పోయింది, చెల్లెలు పీటల మీదికొచ్చింది. నాయన మాత్రం గొట్టం చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎవరన్నా తోసి పరిగెత్తిస్తేనే ఇది పనిచేస్తాదా?"

"అవును నాయనా."

"దానికి ఇంత కష్టమెందుకప్పా? ఇంట్లో నువ్వుండావు గదా!"

ఇప్పుడు రోజూ పొద్దున నా భార్య వీపు మీద చెయ్యేసి షెడ్డు వైపు తోస్తుంది. కదిలానంటే చీకటిపడేదాకా ఆగను. పెళ్లి ఫోటోలో సగం మీసంతో నవ్వుతున్న ఆ కుర్రాణ్ణి చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. ఎవరూ తోయకుండానే ఎగిరిపోగలననుకున్నాడు, పిచ్చోడు.