తగ్గిందన్న నొప్పి

మొన్న మునగాల దాటాక మా బస్సు స్పీడు బ్రేకరు మీద ఎగిరిపడింది. పక్క సీటాయన డ్రైవరు వంశాన్నంతా పేరుపేరునా తలుచుకున్నాడు. నాకు సుగుణా మేడం గుర్తొచ్చారు. మిర్యాలగూడ మనిషి, సర్జన్. కోదాడలో ఆమె నడిపిన చిన్న దవాఖానలోనే డ్యూటీ డాక్టరుగా నా మొదటి ఉద్యోగం. కడుపునొప్పితో ఎవరొచ్చినా, ముందు ఏ దారిన వచ్చారని అడిగేవారు. కండక్టరు కావాల్సిన మనిషి పొరపాటున సర్జన్ అయ్యారేమోనని అనుకునేవాణ్ణి, మనసులోనే.

ఒక మధ్యాహ్నం మేళ్లచెరువు నుంచి సైదులు అనే లారీ డ్రైవరును భార్య నాగమణి ఆటోలో తీసుకొచ్చింది. రెండు రోజులుగా కడుపునొప్పి, జ్వరం, వాంతులు. నేను వివరాలు అడుగుతుండగానే, మంచం మీద కాళ్లు ముడుచుకొని పడుకున్న సైదులు నవ్వాడు. "తగ్గింది సారు. మా ఊళ్లె ఏసిన సూది ఇప్పుడు పట్టినట్టున్నది. ఇగ పోతం." నాగమణి అప్పుడే చెప్పులేసుకుంది. అంతలో మేడం వచ్చారు.

"ఏ తొవ్వల వచ్చిన్రు?"

"సిమెంటు లారీలు తిరిగే రోడ్డేనమ్మా," అంది నాగమణి. "గుంత వచ్చినప్పుడల్లా కడ్డీ పట్టుకొని సీటు మీంచి లేచిండు. ఆటో ఆయనను తిట్టని తిట్టు లేదు."

"లారీ నడిపెటోనివి, గుంతలు నీకు కొత్తనా? ఏదీ, ఓసారి గట్టిగ దగ్గు."

సైదులు అనుమతి అడుగుతున్నట్టు దగ్గాడు. అంతకే ముఖం పాలిపోయింది. మేడం పొట్ట మీద చెయ్యి వేశారు. చెక్కలా బిగుసుకుని ఉంది. లోపలి పొర వాచినవాడికి ప్రతి కుదుపూ కత్తిపోటేనని నాకు అప్పుడు తెలిసింది.

"తగ్గలేదు బిడ్డా, అపెండిక్స్ పగిలింది. పగిలినంక జరసేపు హాయిగనే ఉంటది. తర్వాత బతకనియ్యది."

నాగమణి చెప్పులు విడిచింది. స్కానింగు రిపోర్టు కూడా మేడం మాటే నిజమంది.

కోత పెట్టగానే చీము ఉబికింది. నల్లబడి కొసన చిల్లుపడ్డ అపెండిక్స్‌ను మేడం కట్టి కోసేశాక పని అయిపోయిందనుకున్నాను. ఆమెకు అప్పుడే మొదలైంది. సెలైన్ పోయడం, కడగడం, పీల్చడం, మళ్లీ పోయడం. "ఇంకా ఎంతసేపు మేడం?" అన్నాను. "తేటగ వచ్చేదాంక." బీపీ పడిపోతోంది. ఎప్పుడూ క్రికెట్ గురించి మాట్లాడే మత్తు డాక్టరు మాట్లాడటం మానేశాడు. నాకు అన్నిటికంటే దానికే ఎక్కువ భయమేసింది.

సైదులు ఆ గండం దాటాడు గానీ పొట్ట ఉబ్బింది, పేగులు కదల్లేదు. మేడం పూటపూటకూ వచ్చి, పక్కింటి గొడవ వింటున్నంత శ్రద్ధగా అతని పొట్టకు స్టెతస్కోపు ఆనించేవారు. "ఏమన్న ఇనొస్తుందా అమ్మా?" అనేది నాగమణి. "ఇంకా లేదు." నాలుగైదు రోజులకు నాగమణి పరుగున వచ్చి, నన్ను చూసి సిగ్గుపడి, మేడం చెవిలో ఏదో చెప్పింది.

"గట్టిగ చెప్పవే! సైదులు గ్యాస్ వదిలిండు!"

వరండా అంతా వినిపించింది. అలాంటి వార్తకు కళ్లు తుడుచుకున్నది నేనొక్కణ్ణే కాదు.

ఇప్పుడు సూర్యాపేటలో నేనూ సర్జన్‌నే. "తగ్గింది సారు, పోతం" అని ఎవరైనా లేస్తే సంతోషించాలని నాకూ ఉంటుంది. కానీ చెయ్యి పట్టుకుని మళ్లీ మంచం మీద పడుకోబెడతాను.