సొరుగులో చిలక పాట

రెబోలో పేటలో ఎనెయిదా పెర్తూస్ ఎవరని అడిగితే ముందు ఆవిడ నోటి గురించి చెబుతారు, ఆ తర్వాత చెవి గురించి. నోటికి భయపడేవాళ్లు చాలామందే. చెవికి దణ్ణం పెట్టేవాళ్లు ఇంకా ఎక్కువ. అరిగిపోయిన రికార్డును కంప్యూటర్లోకి ఎక్కించి, బియ్యంలో రాళ్లేరినట్టు ఒక్కో గరగరనూ ఏరిపారేసి పాటను శుభ్రంగా బయటికి తీయడంలో బర్రాంకియ్యా ఊరు మొత్తం మీద ఆవిడ తర్వాతే ఎవరైనా. వయసు అరవై రెండు. బడిలో గుమాస్తాగా చేసి రిటైరైంది.

ఈ విద్య మొగుడి పుణ్యం. విల్‌ఫ్రీదోకి ఒక పికో ఉండేది. మేడంత స్పీకరు పెట్టెలు, వాటి మీద రంగుల బొమ్మ, శనివారం వస్తే దాని ముందు వీధి వీధంతా చిందులు. దానికి "లా తియా బ్రావా" అని పేరు పెట్టాడు, కోపిష్టి పిన్ని అని అర్థం. ఎవర్ని చూసి పెట్టాడో వేరే చెప్పక్కర్లేదు.

పికో అన్నాక పక్కవాడి దగ్గర లేని పాట ఒక్కటైనా ఉండాలి. ఓడలో పనిచేసే ఒకడు ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన రికార్డు విల్‌ఫ్రీదో చేతికి చిక్కింది. ఇంటికి తెచ్చిన గంటలో బ్లేడు పెట్టి లేబుల్ గీకేశాడు. పాట పేరు బయటపడితే ఇంకో పికోవాడు తెప్పించుకుంటాడని భయం. ఆ ఊళ్లో అందరూ చేసే పనే అది. నాలుగేళ్లు తిరిగేసరికి గీకినవాడికీ ఆ పేరు గుర్తులేదు. గిటారు చిలకలా అరుస్తోందని జనమే దానికి "చిలక" అని పేరు పెట్టి ఏళ్ల తరబడి ఆడారు. చివరికి ఒక మధ్యాహ్నం ఆ మహానుభావుడే రికార్డును జీపు మీద ఎండలో వదిలేస్తే అది అప్పడంలా వంకర తిరిగిపోయింది. తర్వాత కొన్నేళ్లకు ఆయనా పోయాడు. రికార్డు పాడవకముందే ఆయన స్నేహితుడు ఆబెలార్దో ఒక కాపీ తీసి పెట్టుకోబట్టి పాట బతికింది. ఆ కాపీ సొరుగులో ఉంది.

సొరుగు అంటే నలభై ముగ్గురు రికార్డు పిచ్చివాళ్లు ఇంటర్నెట్టులో పెట్టుకున్న గుంపు పేరు. లోపలున్నవాడు ఒకడు పూచీ పడితే తప్ప కొత్తవాళ్లను రానివ్వరు. వచ్చినవాడు తప్పు చేస్తే పూచీ పడ్డవాడు కూడా బయటికే. నెలకో రికార్డు శుభ్రం చేసి పెట్టాలి, లోపలిది ఏదీ గడప దాటకూడదు. దాటితే దొంగ దొరకడానికి ప్రతి సభ్యుడి కాపీలోనూ ఒక్కోచోట చిన్న టిక్కుమనే చప్పుడు దాచి ఇస్తారు. నియమాలు అలా ఉన్నా అక్కడ పాట నిండుగా ఉంటుంది, అడిగినదానికి పది నిమిషాల్లో జవాబు వస్తుంది. ఎనెయిదాకు పూచీ పడింది ఆబెలార్దోనే. పదకొండేళ్లుగా శనివారం పొద్దున కాఫీ తాగుతూ వాళ్లతో కబుర్లాడటం ఆవిడకు అలవాటు. విల్‌ఫ్రీదోను పేరు పెట్టి తిట్టగల మనుషులు ఇంకా మిగిలింది అక్కడే.

ఇంటర్నెట్టులో ఆవిడ వెళ్లే రెండోది అందరికీ తలుపులు తెరిచిన చోటు. ఆవిడ దాన్ని బజారు అంటుంది. ఎవరైనా రావచ్చు, ఏదైనా తీసుకోవచ్చు. అక్కడ లేని పాట లేదు, సరిగ్గా ఉన్న పాటా లేదు. ప్రతి పికోవాడూ పాట మధ్యలో "ఎల్ మార్తీయో! మార్తీయో!" అని తన పేరు అరిచి ఎక్కిస్తాడు. అక్కడ పాట ఒకరి కంప్యూటర్ నుంచి ఇంకొకరికి దిగాలి, కానీ తీసుకున్నవాడు ఇంకొకడికి అందించకుండా తన దారి తాను చూసుకుంటాడు. పాట తొంభై ఏడు శాతం దిగి, అక్కడే నెలల తరబడి కూర్చుంటుంది. "అక్కడ ఊపిరాడదు, ఇక్కడ చెవి నిలవదు" అని ఎనెయిదా సణుగుడు. అయినా రోజూ బజారుకు వెళ్లేది, తప్పులు దిద్దకపోతే చేతులు దురద.

అక్కడ చిలక పాట ముక్క ఒకటి ఉంది. ముప్పై సెకన్లు, నిండా కేకలు. దాని కింద "స్పీడు కూడా తప్పేరా, దద్దమ్మల్లారా" అని రాసింది. మర్నాడు ఫ్రెంచిలో జవాబొచ్చింది. ఫోను చేత అనువాదం చేయించుకుని చదివింది.

రాసిన మనిషి పేరు సిల్వీ మబియాలా, ఊరు కాంగోలో పాయింట్ నోయిర్. "ఆ కేకల వెనక పాడుతున్నది మా నాన్న. ఆయన చేసింది ఒక్కటే రికార్డు. యుద్ధంలో ఇంటితోపాటు కాలిపోయింది. పాట పేరు మార్సెలీన్, అది మా అమ్మ పేరు. అమ్మకు ఎనభై మూడేళ్లు. ఒక చెవి పోయింది, రెండోది ఈ ఏడాది దాటదంటున్నారు డాక్టర్లు. మొత్తం పాట మీ దగ్గర ఉందామ్మా?" ఆ ముక్కలో లేని చరణాన్ని తనే పాడి పంపింది కూడా. ఎనెయిదా ఒక్కసారి వింది, అనుమానం మిగల్లేదు.

వెంటనే ఆబెలార్దోకు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, చిలక పాట ఒకరికి పంపాలి. పాడినాయన కూతురు."

"ఏ కూతురు? వదినా, అది మార్తీయో వాడి పన్నాగం. శుభ్రమైన కాపీ కోసం ఇరవై ఏళ్లుగా కాచుక్కూర్చున్నాడు వాడు."

"కాంగోలో ముసలమ్మని కనిపెట్టేంత బుర్ర వాడికుంటే ఎప్పుడో బాగుపడేవాడు!"

"రూలు రూలే. ఓటింగ్ పెడతా. మూడింట రెండొంతులు రావాలి."

పెట్టాడు. తొమ్మిది రోజులు నడిచింది ఆ ఓటింగు. సగం మంది బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నారు, అది ఔనో, చూశామనో తెలియదు. ఒకడు సిల్వీని రికార్డు ఫోటో పంపమన్నాడు.

"రికార్డుంటే మనల్నెందుకు అడుగుద్దిరా, తెలివిగలోడా?" అంది ఎనెయిదా.

మనిషి నిజమేనని నమ్మించడానికి పాట అసలు పేరు చెప్పింది. అంతే, తేనెతుట్టె కదిలింది. నలభై ఏళ్ల రహస్యాన్ని గుంపులో బయటపెట్టేసిందట! పేరు ఎలా బయటపడిందో తేల్చడానికి ఇంకో ఓటింగు పెట్టారు. ముసలమ్మ చెవి సంగతి ఎవడికీ పట్టలేదు. ఎనెయిదాకు ఒళ్లు మండిపోయింది. వీళ్లంతా చెడ్డవాళ్లని కాదు, దాచిందాన్ని దాచడం తప్ప ఇంకేమీ గుర్తులేదు వాళ్లకు.

ఓటింగు ఎటూ తేలకపోయేసరికి పదో రోజు పొద్దున తన కాపీ తీసి సిల్వీకి పంపేసింది. టిక్కు ఎక్కడుందో ఆవిడకు తెలుసు, ఏరేయడం క్షణం పని. ఏరలేదు. దొంగతనం చేయనప్పుడు వేలిముద్రలు తుడవడమెందుకు?

"బజార్లో పెట్టకమ్మా" అని మాత్రం రాసింది. సిల్వీ పెట్టింది. "మా నాన్న పేరు ఎవరికీ తెలియకూడదంటే ఎలాగమ్మా?" అని అడిగింది. సాయంత్రానికల్లా మార్తీయో వాడు దాని మీద తన పేరు అరిచి ఎక్కించాడు.

శనివారం పొద్దున ఆబెలార్దో ఫోన్.

"రెండో నిమిషంలో టిక్కు నీదే వదినా."

"నాదే. కాదన్నానా?"

"పూచీ పడ్డది నేను. నా రూలుకి నేనే బలి. ఇద్దరం బయటే. కొంచెం ఓపిక పట్టుంటే పోయేది కదా!"

"ముసలామె చెవికి ఓపిక లేదన్నయ్యా."

ఫోన్ పెట్టేశాక సొరుగు తెరవబోయింది. తెరుచుకోలేదు. కాఫీ చల్లారిపోయింది. పదకొండేళ్ల శనివారాలు పోయాయి. ఏడుపు రాలేదు, వచ్చిన కోపం ఎవరి మీదో తెలియలేదు. సిల్వీ మీదా? ఆబెలార్దో మీదా? బ్లేడు పట్టుకున్నవాడి మీదా?

మధ్యాహ్నం సిల్వీ నుంచి చిన్న వీడియో వచ్చింది. ముసలామె మంచం మీద కూర్చుని ఫోనును మంచి చెవికి అదిమి పట్టుకుంది. పాట నడుస్తోంది. మొహంలో కదలిక లేదు. గిటారు ఒకచోట ఒక్క దెబ్బ ముందే దూకుతుంది. సరిగ్గా అక్కడ రెబోలో మొత్తం ఒంటికాలి మీద గిర్రున తిరిగేది, దానికోసమే జనం ఆ పాట అడిగేవాళ్లు. అక్కడికి రాగానే మార్సెలీన్ చెయ్యెత్తి విసురుగా ఏదో అంది. కింద సిల్వీ అర్థం రాసింది.

"తాళం తప్పుతున్నావని అప్పుడే చెప్పా. విన్నాడా?"

ఎనెయిదా పక్కింటివాళ్లు తొంగిచూసేంత గట్టిగా నవ్వింది. తర్వాత ఏడ్చింది. ఆ తర్వాత వీడియోను మొదటినుంచి పెట్టుకుని, లేచి, ఆ చోటు రాగానే వంటగదిలో ఒంటికాలి మీద గిర్రున తిరిగింది.