మా మామ మిస్కీన్ అయిన సాయంత్రం

మా మేనమామ గల్ఫ్‌లో, రాస్ అల్ ఖైమాలో మరణించాడన్న ఉత్తరం మాకు చేరేసరికి అక్కడ అంతా ముగిసిపోయింది. ఊళ్లో దినాల భోజనాల దగ్గర ఒక పెద్దమనిషి ఆయన్ని "పాపం, కటిక దరిద్రుడు" అన్నాడు. ఆ మాటను నేను అంగీకరించను.

డిగ్రీ ముగించి పైచదువుకు సీటు దొరకని ఏడాది, మామ పనిచేసే రాళ్ల క్వారీలో నేను స్టోరు గుమాస్తాగా ఉన్నాను. ఆయన రాయి కొట్టేవాడు. సుత్తె ఎత్తేముందు రాతిని అరచేత్తో తట్టి, ఎటు చీలుతుందో చెప్పేవాడు. అటే చీలేది.

రంజాన్‌లో స్థానికులు మా క్యాంపుకు బియ్యం తెచ్చి, "మిస్కీన్" అని జాలిపడుతూ పంచేవారు. ఆ అరబ్బీ మాటకు మూలం "సుకూన్", అంటే నిశ్చలత అని మా పెద్దగుమాస్తా వివరించాడు. లేమి కదలనీయకుండా కూర్చోబెట్టినవాడే మిస్కీన్. ఆ అర్థం పట్టుకుని నేను మామతో వాదానికి దిగాను. సముద్రం దాటివచ్చి కొండలు పగలగొట్టే మనం మిస్కీన్లం ఎలా అవుతాం, ఆ బియ్యం తీసుకోవద్దన్నాను. ఆయన సంచి భుజానికెత్తుకుని నవ్వాడు.

"నువ్వే గెల్చినవ్ తియ్, అల్లుడా. ఇగ పొయ్యి ముట్టియ్యి."

రెండు నెలలకు ఆయన తల్లి, మా అమ్మమ్మ, పోయిందని తంతి వచ్చింది. మామ ఒక్కడే కొడుకు. తలకొరివికి ఎలాగూ అందడు, పదోనాటికైనా చేరాలని ఆయన తపన. మా పాస్‌పోర్టులన్నీ కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, ఇంటి బీరువాలో ఉండేవి. కఫీల్ హజ్‌కు వెళ్లాడనీ, ఆయన వచ్చేదాకా తాళం తీసేవారు లేరనీ క్వారీ నడిపే ముదీర్ చెప్పాడు. నేను ఆఫీసులో కేకలు వేశాను. మామ అరవలేదు. రోజూ పని దిగాక స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, కఫీల్ ఇంటి గేటు దాకా నడిచివెళ్లి తిరిగివచ్చేవాడు. తొమ్మిదోనాడు వెళ్లలేదు. మంచం మీద కూర్చుండిపోయాడు.

"నువ్వు జెప్పిన మాట గిప్పుడు సమజైంది, అల్లుడా. తిండికి లేక గాదు. అవ్వ పోతే కాలు కదలకపాయె."

కటిక దరిద్రుడన్న పెద్దమనిషికి నా జవాబు ఒకటే: ఆయనకు లేనిది డబ్బు కాదు, ఇంటిదారి; దాన్ని ఒకరు బీరువాలో పెట్టి తాళం వేశారు.

మర్నాడు పొద్దున్నే సముద్రపు ఒడ్డున నేనే ఆయనకు గుండు గీశాను. అన్నం ముద్ద ఒక రాతి మీద పెట్టి కాకుల కోసం చూశాం. ఒక్కటీ రాలేదు. తెల్లటి సముద్రపు పక్షులు దిగాయి. తోలబోయిన మామ, ఎత్తిన చెయ్యి దించేశాడు. అవి తింటున్నంతసేపూ మోకాలిలోతు నీళ్లలో, తడిపంచెతో, సముద్రానికి వీపు పెట్టి తూర్పుకు చూస్తూ నిలబడ్డాడు. మా ఊరు అటే ఉంది. మధ్యలో ఉన్నవి ఆయన రోజూ పగలగొట్టే కొండలు.