సంఘం పేరు తప్పనిసరి

తెలంగాణ కోసం నడుస్తున్న జగిత్యాల దీక్షా శిబిరానికి వెబ్‌సైట్ పెట్టాలని జేఏసీ పెద్దలకు బుద్ధి పుట్టింది రెండు వేల పదకొండు ఎండాకాలంలో. దాన్ని తయారుచేసింది మానస. ఎంసీఏ చదివి, బస్టాండు వెనక కంప్యూటర్ సెంటర్లో పిల్లలకు టైపింగ్ నేర్పుకునే మనిషి. అంత చదువుకు ఇంతే ఉద్యోగమా అని ఎవరైనా అడిగితే నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది?

తహసీల్ చౌరస్తాలో రోజుకో సంఘం వంతున రిలే నిరాహార దీక్షలు నడుస్తున్నాయి. ఒకరోజు పద్మశాలీలు, ఒకరోజు లాయర్లు, మరో రోజు ఆటోడ్రైవర్లు. పొద్దున మెడలో పూలదండ, సాయంత్రం నిమ్మరసం, మర్నాడు పేపర్లో ఫోటో. ఒకసారి ఒకే రోజుకు రెండు సంఘాలొచ్చి దండల కోసం కొట్లాడుకున్నాయి. అప్పుడు కన్వీనర్ నర్సింగం సారు మానసను పిలిపించాడు. వంతులన్నీ కంప్యూటర్లో ఉండాలి, దుబాయిలో ఉన్న మనవాళ్ళు కూడా ఎవరు ఎప్పుడు కూర్చున్నారో రోజూ చూసుకోవాలి అన్నాడు.

మొదటినుంచీ తానే రాసుకుంటూ పోతే నెలలు పడుతుంది. పైగా కరెంటు ఉన్న గంటల్లోనే పని. అందుకని ఆమె ఇంటర్నెట్లో ఉచితంగా దొరికే టెంప్లెట్ ఒకటి దించుకుంది. రెడీమేడ్ జాకెట్టు కొని, కుట్లు విప్పి మన ఒంటికి సరిచేసుకోవడం లాంటిదే ఆ పని. లాగిన్ పేజీ, పేర్లు ఎక్కించే ఫారం, తేదీలవారీ జాబితా, అన్నీ అందులో ముందే ఉంటాయి. ఏదో దేశంలో ఏవో కంపెనీల మీటింగుల కోసం చేసిన సరుకు. మానస రంగులు మార్చింది, తెలుగు అక్షరాలు విరిగిపోకుండా కనబడేట్టు చేయడానికి రెండు వారాలు తిప్పలు పడింది. 'కంపెనీ పేరు' అన్నచోట 'సంఘం పేరు' అని రాసింది. ఆ గడి పక్కన చిన్న ఎర్ర నక్షత్రం ఉంది. అంటే అది తప్పనిసరి, నింపనిదే ఫారం ముందుకు పోదు. దాన్ని ఆమె అలాగే ఉంచింది. ఉంచిందనడం కూడా ఎక్కువే, అసలు దాని గురించి ఆలోచించలేదు.

శిబిరానికి రోజూ టెంటు వేసేది ఆమె తండ్రి సామేలు. గొల్లపల్లి నుంచి కూలి పనికొచ్చి జగిత్యాలలో ఉండిపోయినవాడు. మొదటి రోజు నుంచీ గుంజలు పాతింది, జంపఖానా పరిచింది, నీళ్ళ డ్రమ్ము నింపింది, మైకు వైరు లాగింది ఆయనే. ఒకసారి పోలీసులు టెంటు పీకినప్పుడు వీపు వాచిందీ ఆయనకే, గుంజ వదలలేదు కాబట్టి. ఉద్యమంలో అందరూ సమానమేనని మైకు రోజూ చెప్పేది. వైరు లాగేవాడి సంగతి మైకుకెందుకు?

పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఏదీ అడగని ఆ మనిషి, సైటు మొదలైన వారానికి, అన్నం తింటూ బిడ్డను అడిగాడు.

"బిడ్డా, ఒక్క దినం నేను గూడ దీక్షల కూసుంట. నా పేరు ఎక్కియ్యి."

ఆయన మెడలో ఒక్కసారి ఆ దండ చూడాలని మానసకూ ఉంది. మర్నాడే ఫారం తెరిచింది. పేరు నింపింది, తేదీ నింపింది, సంఘం పేరు దగ్గర చెయ్యి ఆగింది. సామేలు ఏ సంఘం? తండ్రీకూతుళ్ళిద్దరూ ఊరంతా తిరిగారు. దళిత సంఘం పెద్దమనిషి, "చర్చిల కలిసినంక సర్టిఫికెట్ల నువ్వు ఎస్సీ కాదు, బీసీ-సీ గదనే, మా వంతుల ఎట్ల కూసుంటవ్?" అన్నాడు. బీసీ సంఘం వాళ్ళు కుర్చీ వేసి, చాయ్ తాగించి, చూద్దామన్నారు. పాస్టరుగారు చర్చి పేరు రాజకీయాల్లోకి తేవద్దన్నారు. మర్యాదగానే అన్నారందరూ.

మానస విసిగిపోయి ప్రోగ్రాం తెరిచి, ఆ గడిని తప్పనిసరి చేసే ఒక్క ఇంగ్లీషు మాటను వెతికి తీసేసింది. రెండు నిమిషాల పని. తండ్రి పేరు ఎక్కింది, పక్కన గడి ఖాళీ.

తెల్లారేసరికి నర్సింగం సారు సెంటర్‌కు వచ్చాడు.

"సంఘం లేకుంట పేరెట్ల ఎక్కిందమ్మా? ఇయ్యాల మీ బాపు, రేపు ఇంకొకడు. దారిన పోయెటోళ్లందరు అచ్చి కూసుంటరు."

"ఏడాదిన్నర సంది టెంటేస్తున్నడు గద సార్."

"గదే అంటున్న. ఆయన కూసుంటె టెంట్ ఎవలేస్తరు? అందరు అందలమెక్కితె మోసెటోళ్లెవరు?" సారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "నీ పని మంచిగున్నది. కోరుట్లోళ్లు, సిరిసిల్లోళ్లు గూడ గిదే గావాలంటున్నరు. రేపు రాష్ట్రమస్తె ఆఫీసులల్ల నీ అసొంటోళ్లే గావాలె. నీ పేరు నేను చెప్త."

ఆ కొలువు ఇవాళ్టికీ రాలేదు. ఆ రోజు మాత్రం చేతికందినట్టే ఉంది. సారు మెట్లు దిగకముందే మానస ఆ మాటను మళ్ళీ ప్రోగ్రాంలో పెట్టేసింది, తండ్రి పేరు తుడిచేసింది. ఎవరూ చెయ్యి పట్టుకుని చేయించలేదు. కంచే చేను మేసిందంటే ఇదే. ఇంటికెళ్ళి, "కంప్యూటర్ తీసుకుంటలేదు బాపూ" అంది.

"పోనియ్యి బిడ్డా. దానికి ఒక లెక్క ఉంటది గదా" అన్నాడు సామేలు. ఆ మాటకు ఆమె ముఖం పగిలినంత పనైంది.

తర్వాత ఆమె సైటు కోరుట్లకు వెళ్ళింది. ఆమె చేసిందే ఇప్పుడు టెంప్లెట్. ఊరి పేరు మారిస్తే చాలు. ఎర్ర నక్షత్రం కూడా దాంతోపాటే వెళ్ళింది. సెప్టెంబరులో, సకల జనుల సమ్మెకు బస్సులు బందై, షేరు జీపుల్లో సిరిసిల్లకు పోయి అక్కడా పెట్టింది. పెట్టిన మధ్యాహ్నమే, ఇళ్ళల్లో గిన్నెలు తోముకునే కొమురవ్వ అనే ముసలామె వచ్చి, తన పేరు రాయమంది. బల్ల దగ్గరున్నవాడు, "సంఘం లేకపోతె కంప్యూటర్ తీసుకోదవ్వా" అన్నాడు.

కొమురవ్వ కంప్యూటర్‌ను పైకీ కిందికీ చూసింది. పక్కన నిలబడ్డ మానసను అడిగింది. "గిది ఏ సంఘమోళ్లది బిడ్డా?"

అందరూ నవ్వారు. మానసకు మాత్రం సిగ్గుతో చెవులు కాలిపోయాయి. బల్ల దగ్గర కూర్చుని, ప్రోగ్రాంలోంచి ఆ తప్పనిసరి మాట తీసేసి, కొమురవ్వ పేరు తానే ఎక్కించింది. మర్నాడు జగిత్యాల రాగానే, ఎవరినీ అడగకుండా అక్కడా తీసేసింది. తండ్రి పేరు ఎక్కించి, శిబిరం దగ్గరికి దాదాపు పరుగెత్తింది. సామేలు గుంజకు తాడు బిగిస్తున్నాడు.

"బాపూ, ఎల్లుండి నువ్వు కూసుంటున్నవ్. పేరు ఎక్కిచ్చిన."

"కంప్యూటర్ తీసుకున్నదా?"

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. పడితే పడనీ అనుకుంది. "అది అప్పుడు గూడ తీసుకున్నది బాపూ. నేనే తీసేసిన."

సామేలు తాడు వదల్లేదు. "ఎరికే. నర్సింగం సారు గా దినమే చెప్పిండు. నీ బిడ్డ బుద్ధిమంతురాలు, చెప్పంగనే తీసేసింది, రేపు కొలువిప్పిస్త అన్నడు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"ఏమని అడుగుదు? నువ్వు కంప్యూటర్ అన్నవ్. ఎవలన్న అడిగితె నేను గూడ కంప్యూటరే అని చెప్పిన."

మానసకు ఏడుపొచ్చింది. ఆయన ముడి వేసి, చేతులు దులుపుకున్నాడు.

"నా పేరు తీసెయ్యి బిడ్డా. ఇగ కూసోబుద్ధి అయితలేదు."

ఆ రోజు వంతు లాయర్లది. వాళ్ళు వచ్చేలోగా పరవాలని ఆయన జంపఖానా విప్పాడు. రెండో కొస పట్టుకోబోయింది మానస. సామేలు అటూ ఇటూ చూసి, జంపఖానా తన వైపు లాక్కున్నాడు.

"నువ్వు పో బిడ్డా. సారు చూస్తె నీ కొలువు పోతది."