బస్సు మొదటి మెట్టు

పత్తి తీస్తూ తీస్తూ నడుముకి కట్టిన పత్తి ఒడి దింపుకుందామని వంగాను. అంతే, మళ్ళీ లేవలేకపోయాను. రెండు రోజులుగా అరికాళ్ళు తిమ్మిరిగా ఉంటే చలికి అనుకున్నాను. సాయంత్రానికి మోకాళ్ళ కింద స్పర్శే లేదు.

గుంటూరు ఆసుపత్రిలో వెన్నులోంచి నీరు తీసి నరాలు చచ్చుబడే జబ్బు, జీబీ సిండ్రోమ్ అన్నారు. "నరాలు కోలుకుంటాయమ్మా. ఫిజియోథెరపీ మానావంటే మాత్రం మడమలు బిగుసుకుపోతాయి" అన్నాడు డాక్టరు. వారం వారం రమ్మని ఇంటికి పంపారు.

మొదట్లో మా ఆయనే నన్ను బస్సు ఎక్కించేవాడు. ఇంతలో పొగాకు కాల్చే బ్యారన్ వెలిగించారు. మంట చూసుకునేది మా ఆయనే, అక్కణ్ణించి కదలకూడదు. ఇక ఇంట్లో మగదిక్కు మా ఆయనకి అన్న, మా బావగారు. ఆయన ఎదుట నేను ఏనాడూ కూర్చోలేదు, నేరుగా మాట్లాడిందీ లేదు. అలాంటి మనిషి నన్ను చంకల కింద పట్టుకుని ఆ ఎత్తు మెట్టు మీదికి లేపారు. చీర పైకి పోయింది. "తొందరగా ఎక్కించండయ్యా!" అని కండక్టరు కేక. వెనకెవరో కిసుక్కున నవ్వారు. ఛీ, ఏం బతుకు నాది! గుంటూరు దాకా తలెత్తలేదు.

మరుసటి వారం "తగ్గిందిలే, వెళ్ళక్కర్లేదు" అనేశాను. నెల తిరిగేసరికి మడమలు బిగిశాయి.

రావడం మానేసిన రోగులకి రాకపోకల్లో ఇబ్బందేమిటో కనుక్కోవడానికి ఆసుపత్రి నుంచి ఒకమ్మాయి ఊళ్ళు తిరుగుతూ మా ఇంటికొచ్చింది.

"మీకు బస్సు లేదాండీ?"

"ఎందుకు లేదమ్మా, మా వీధి చివరే ఆగుద్ది" అంది మా అత్త.

"మరి?"

నేను చీర కుచ్చిళ్ళు పాదాల మీదికి లాక్కున్నాను. ఆ అమ్మాయి నా పక్కనే కింద కూర్చుంది. "ఎక్కేటప్పుడు ఏమవుతుందో చెప్పక్కా."

ఏడుస్తూ అంతా చెప్పాను. తలుపవతల బావగారున్నారని నాకు తెలియదు.

"అమ్మా, ఆ అమ్మాయికి చెప్పు" అని ఆయన గొంతు వినిపించింది. "నాకూ సిగ్గుతో చచ్చినంత పనైంది. మన పిల్ల వెళ్ళనంటే హమ్మయ్య అనుకున్నా."

నేనూ ఆ రోజు హమ్మయ్యే అనుకున్నాను. ఇద్దరం కలిసి నా కాళ్ళ మీదికి తెచ్చాం.

ఆ అమ్మాయి మెట్టు ఎత్తు కొలిచి తీసుకెళ్ళింది. బస్సులైతే మారలేదు. బావగారే రెండు మెట్ల చెక్కపీట చేయించారు. బస్సు ఆగగానే పీట వేసి, అటు తిరిగి నిలబడేవారు. అత్త భుజం పట్టుకుని నేనే ఎక్కేదాన్ని.

ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నాను. ఎడమ మడమ మాత్రం నేలకి ఆనదు. మీలో ఎవరినైనా డాక్టరు ఎందుకు రాలేదని అడిగితే "తగ్గిందండీ" అనకండి. ఎక్కడ ఎక్కలేకపోయారో, ఎవరి చెయ్యి పట్టుకోలేకపోయారో చెప్పండి. సిగ్గేస్తుంది. నాకు ఇది రాస్తుంటే కూడా వేస్తోంది. అయినా చెప్పండి.