హార్న్ తీగ తెగి ఉన్న మధ్యాహ్నం

ముందుగా, ఊపిరి ఇచ్చేవాడూ తీసుకునేవాడూ అయిన ప్రభువుకు స్తోత్రం. కొడుకును సమాధి చేసి వచ్చిన తర్వాత కూడా ఆయన మంచివాడనే చెబుతున్నాను. ఈ మాట మళ్లీ నోట రావడానికి చాలా కాలం పట్టింది, అందుకే మొదట అదే రాస్తున్నాను.

నేను దయ్యాలను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. చనిపోయినవారు ప్రభువు పిలిచే దినం వరకు నిద్రిస్తారని, తిరిగొచ్చి మనతో మాట్లాడరని సండే స్కూలు పిల్లలకు ఏళ్ల తరబడి నేర్పినవాణ్ణి. ఎవరైనా ఆత్మ కనబడిందంటూ వస్తే కూర్చోబెట్టి వాక్యం చూపించి పంపేవాణ్ణి. అందుకే ఇది రాయడం నాకు ఇబ్బందిగానే ఉంది.

మాది అశోక్‌నగర్. నా కొడుకు ప్రవీణ్‌కు ఒక పాత పికప్ బండి ఉండేది. కుర్చీలు, మైకు సెట్టు కిరాయికి తిప్పేవాడు. ఆదివారం మాత్రం బండి సంఘానిది. నారాయణగూడలో ఎవరింట్లో కుటుంబ ప్రార్థన పెట్టుకున్నా కుర్చీలు వాడే దింపేవాడు. పక్క సీటు నాది.

బండి కదిలే ముందు నేను డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేసేవాణ్ణి. చివర్లో ఆమెన్ వాడు నోటితో అనేవాడు కాదు, హార్న్‌తో అనేవాడు. ఒకటి పొడుగ్గా, వెంటనే ఒకటి పొట్టిగా. ఇది ప్రార్థనరా, సిగ్నల్ కాదు అని కోప్పడితే, "నువ్వు మెల్లగ చెప్తవ్ డాడీ. పైకి వినబడాలె గద" అని నవ్వేవాడు. మా గల్లీలో దాని పేరే ఆమెన్ బండి.

పోయిన వానాకాలంలో వాడికి కామెర్లు ముదిరాయి. ఐసీయూలో నోటికి గొట్టం పెట్టారు. నన్ను లోపలికి పంపినప్పుడు వాడి చెయ్యి పట్టుకుని ప్రార్థించాను. ముగించి, అలవాటు కొద్దీ ఆగాను. ఆమెన్ రాలేదు. మర్నాడు వాడు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేను పైకి ప్రార్థన చేయలేదు. సంఘంలో అడిగితే గొంతు బాగాలేదన్నాను. పెదవులు కదిపి కూర్చునేవాణ్ణి.

బండి గేటు దగ్గరే ఉండిపోయింది. డ్రైవర్‌ను పెట్టుకుని కిరాయి పని నడుపుదామని నా కోడలు షారోన్ ప్రయత్నించింది. కానీ ఎక్కడో షార్ట్ అవుతోంది. కొత్త ఫ్యూజు వేయగానే మాడిపోతోంది. ఆ బండిలో హార్న్‌కూ బ్రేకు లైట్లకూ ఒకటే ఫ్యూజు, కాబట్టి రోడ్డెక్కించే వీల్లేదు. చూసిన మెకానిక్కులు తుక్కుకు ఇచ్చేయమన్నారు.

"చివరగా యాదగిరి అన్నకు చూపిద్దాం మామయ్యా," అంది షారోన్. "ఆయన కూడ కాదంటే రేపే ఇచ్చేద్దాం. గేటు తెరిస్తే అదే కనబడుతుంది. నాతోని అయితలేదు."

యాదగిరి చిక్కడపల్లిలో లైబ్రరీ దగ్గరి గల్లీలో ఆటో ఎలక్ట్రీషియన్. బండిని తాడు కట్టి అక్కడికి లాగించాం. ఆయన ఫ్యూజు ఉండాల్సిన చోట ఒక బల్బు తగిలించాడు. షార్ట్ ఉన్నంతసేపు అది వెలుగుతూనే ఉంటుంది. ఒక్కో తీగ విప్పుతూ పోతే, ఏది విప్పినప్పుడు బల్బు ఆరిందో తప్పు అందులో ఉన్నట్టు.

"ఏం పెద్దాయనా, బండికి గూడ బాప్తిస్మం ఇచ్చిండ్రా? లోపట నీళ్లు పోయినట్టున్నయ్," అన్నాడు.

చాలా నెలల తర్వాత నాకు నవ్వొచ్చింది.

వెనక లైట్ల తీగలు విప్పినా, హార్న్ ఊడదీసి షాపు మెట్టు మీద పెట్టినా బల్బు వెలుగుతూనే ఉంది. చివరికి స్టీరింగు కిందకు వెళ్లే హార్న్ తీగను కత్తిరించాడు. బల్బు ఆరిపోయింది. తీగ ఇనుముకు రాసుకుని రాసుకుని పైతొడుగు అరిగిపోయిందట. "మస్తు కొట్టిండు హార్న్ మీ పిలగాడు," అన్నాడు.

తెగిన కొసలకు టేపు చుట్టి, బ్యాటరీ విప్పి ఛార్జింగ్ పెట్టడానికి షాపులోకి తీసుకెళ్లాడు.

నేను పక్క సీట్లో కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం. చెయ్యి తనంతట తానే డ్యాష్‌బోర్డు మీదికి వెళ్లింది. నోరు తెరిచి ప్రార్థించాను. వాడు నీ దగ్గరే ఉన్నాడా ప్రభువా అని అడిగాను. నా చిత్తం కాదు, నీదే జరగనీ అన్నాను. ఆ మాట ఐసీయూలో అనలేకపోయాను. ముగించి, ఆగాను.

హార్న్ మోగింది. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా.

శబ్దం బండి ముందు నుంచే వచ్చింది. హార్న్ మాత్రం అక్కడ లేదు, మెట్టు మీద ఉంది.

యాదగిరి బయటికొచ్చాడు. "ఎవలు కొట్టిండ్రు?" అన్నాడు. తర్వాత తన చేతిలోని బ్యాటరీ వైపు చూసుకున్నాడు. ఎదురుగా టీ కొట్టు అక్క కూడా గిన్నె వదిలేసి ఇటే చూస్తోంది. మైకు సెట్టు బ్యాటరీ ఏమైనా ఉందేమోనని యాదగిరి సీట్ల కింద వెతికాడు. లేదు. టేపు విప్పి చూశాడు. తీగ తెగే ఉంది. గల్లీలో ఇంకో బండి లేదు. ఆ తర్వాత ఆయన జోకులు వేయలేదు.

సాతాను మోసగాడు, జాగ్రత్త అన్నారు మా పాస్టరుగారు. ఆయన మాట కాదనను. కానీ దేవుని చిత్తం జరగనీ అన్న ప్రార్థనకు ఆమెన్ అనాల్సిన అవసరం సాతానుకేముంది? నా కొడుకే వచ్చాడనీ అనలేను, లేఖనం ఒప్పుకోదు. మరి అదేమిటో నాకు తెలియదు.

బండి తుక్కుకు వెళ్లలేదు. కొత్త తీగ, కొత్త హార్న్ వేశారు. దాని గొంతు వేరు. ఆదివారాలు కొత్త డ్రైవర్ పక్కన కూర్చుని పైకే ప్రార్థిస్తున్నాను. ముగించి కాసేపు ఆగుతాను. ఎందుకో అతనికి తెలియదు, నా వైపు చూసి బండి తీస్తాడు. మళ్లీ ఎప్పుడూ ఏమీ వినబడలేదు.

చదివినవారు ఒక్క నిమిషం నాతో ప్రార్థించండి. ప్రభువా, ప్రవీణ్‌ను నీ దగ్గర భద్రంగా ఉంచు. షారోన్‌కు నిద్ర పట్టనీ. నాకు అర్థం కానిది నీ దగ్గరే ఉండనీ. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ.

నేను ఇక్కడ ఆగుతున్నాను. ఆ చివరి మాట మీరు అనండి.